కలివికోడి ఆనవాలు



పక్షి కంటబడుట యొక సంగతి. అది యే పక్షియో పదిమంది యొప్పుకొనునట్లు నిర్ణయించుట మఱియొక సంగతి. పొలము హద్దుల తగవులను విచారించి తీర్చిన మీకు ఈ భేదము నేను వేఱుగా చెప్పనక్కఱలేదు. వాది తన మాట తాను చెప్పును. ఆ మాట నిజమే కావచ్చును. అయినను హద్దురాయి యెచ్చట నున్నది, పాత కాగితమున నేమి వ్రాసియున్నది, ఇరుగుపొరుగువా రేమందురు అని విచారింపక తీర్పు చెప్పరాదు గదా! పక్షిశాస్త్రమునందును ఇదే న్యాయము. నశించినదని లోకమంతయు తలచిన పక్షిని ఎవరైన చూచితిమని చెప్పినప్పుడు ఆ మాటను నిరూపించుట యెంత కష్టమో, నిరూపించుటవలన నెంత మేలు కలుగునో, మన తెలుగునేల చరిత్రనుండియే యొక దృష్టాంతము నీ ప్రసంగమున మీకు వివరింపదలచినాను.

ముందుగా దూరదేశపు సముద్రముమీది కథ యొకటి చెప్పెదను. న్యూజీలండు దేశపు కడలిమీద పూర్వ మొక చిన్న పక్షి యుండెడిది. ఊరపిచ్చుకకన్న కొంచెము పెద్దది. అలలమీద కాళ్లు తాటించుచు ఎగురునది. గ్రుడ్లు పెట్టుటకు మాత్రమే, అదియు రాత్రివేళ, నేలకు వచ్చునది. దీనిని తుపానుపక్షుల జాతిలో చేర్చిరి. 1827 వ సంవత్సరమున ఫ్రెంచి నావికులు పట్టిన మూడు పక్షుల చర్మములు మాత్రము ఐరోపాఖండపు వస్తుప్రదర్శనశాలలలో మిగిలియుండెను. ఆ తరువాత నూటయేబదియేండ్లకు పైగా దాని జాడ లేకపోవుటచే అది నశించినదని పండితులు నిశ్చయించుకొనిరి.

2003 జనవరిలో పక్షులను చూచుటకై పడవమీద వెళ్లిన కొందఱికి తెల్లని పొట్టమీద నల్లని చారలుగల చిన్నపక్షి యొకటి అగపడెను. వారు ఛాయాచిత్రములు తీసిరి. ఆ చిత్రములు చూచినవారిలో కొందఱు, అది సామాన్యమైన తుపానుపక్షియే, రంగుమాత్రము వికారము చెందినది అనిరి. మఱికొందఱు ప్రదర్శనశాలలలోని పాత చర్మముల చారలతో ఈ చారలను పోల్చి చూచిరి. అదే సంవత్సరము నవంబరులో మఱియొక పడవనుండి అట్టి పక్షులు ఒకటి కాదు, పదికి పైగా కానవచ్చెను. ఒక్క పక్షికి రంగు వికారము కలుగవచ్చును గాని గుంపునకంతకు ఒకే వికారము కలుగునా? కాబట్టి వాదము తీరెను. 2013 లో ఆ పక్షులకు సన్నని సంకేతయంత్రములు కట్టి, అవి యొక చిన్న ద్వీపముమీది అడవిలో బొరియలలో గ్రుడ్లు పెట్టుచున్నవని కనుగొనిరి. అంతకుముందే ఆ ద్వీపమున పిల్లులను, ఎలుకలను నిర్మూలించియుండిరి. ఆ పనివలన ఈ పక్షికికూడ రక్షణ కలిగినదని అప్పుడు తెలిసినది.

ఇక మన కథకు వత్తము. నేను హైదరాబాదునందు దోమలగూడలో నివసించువాడను. మాకు హుస్సేన్ సాగరము నడకదూరము. సముద్రము మాత్రము వందల మైళ్ల దూరమున నున్నది. ఇట్టిచోట నుండువానికి సముద్రపక్షులతో నేమి పని యని మీరడుగవచ్చును. గల్ అని ఆంగ్లేయులు పిలుచు సముద్రపక్షులకును, చెఱువులమీద చేపలకై దూకు తెల్లని పక్షులకును, నేను చెప్పబోవు కలివికోడికిని పక్షిశాస్త్రమునందు చుట్టరికము కలదు. ఇవియన్నియు ఒకే వర్గమునకు చెందినవి. మన తీతువుకూడ ఆ వర్గములోనిదే. అయితే ఈ చుట్టములలో కలివికోడి నడత విచిత్రమైనది. అది కడలిని చూడదు, చెఱువునుకూడ కోరదు. ముండ్లపొదలును రాళ్లును గల మెట్టనేలలో పగలంతయు పొదలమాటున దాగియుండి, రాత్రివేళ పురుగులను ఏరుకొని తినును. ఎగురుటకన్న పరుగెత్తుటయే దానికి ప్రియము. అందుచేత సముద్రముమీది తుపానుపక్షి యెంత కంటికందనిదో, పల్లెపక్కనే యున్న కలివికోడియు అంత కంటికందనిదయ్యెను.

దీనిని శాస్త్రలోకమునకు తెలిపినవాడు థామస్ జెర్డన్ అను వైద్యుడు. ఇతడు 1811 లో జన్మించి, చెన్నరాజధాని సైన్యములో వైద్యుడుగా చేరి, నెల్లూరునందుకూడ కొంతకాలము పనిచేసెను. తీరిక దొరకినప్పుడెల్ల పక్షులను, జంతువులను, చీమలనుకూడ పరిశీలించెడివాడు. హిందూదేశపు పక్షులనుగూర్చి 1862 మొదలు 1864 వఱకు ఆయన ప్రకటించిన సంపుటములు నేటికిని ప్రమాణగ్రంథములు. తూర్పుకనుమల పడమటివైపున, నెల్లూరు కడప ప్రాంతములలో ఆయనకీ పక్షి లభించెను. 1848 లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీవారి ప్రదర్శనశాలకు అధికారిగానున్న ఎడ్వర్డ్ బ్లైత్ దీనికి శాస్త్రీయనామ ముంచెను. ఆ పేరులో ‘రెండు కంఠహారములు గలది’ అను అర్థము గల మాట యొకటి యున్నది.

ఆ పేరు సార్థకమైనది. పక్షి జానెడుకన్న కొంచెము పెద్దది. కొలిచిన ఇరువదియేడు సెంటీమీటర్లుండును. వెన్ను మట్టిరంగు. ఱొమ్ముమీద గోధుమరంగు పట్టెలు రెండు, వాని నడుమ తెల్లని పట్టె, గొంతుకడ ఇటికరంగు మచ్చ, కంటిపైన వెడల్పైన తెల్లని కనుబొమ్మవంటి చార యుండును. కన్నులు పెద్దవి, రాత్రి సంచారమునకు తగినవి. ముక్కు మొదట పసుపు, కొన నలుపు. కాలికి ముందువైపు వ్రేళ్లు మూడే, వెనుకవ్రేలు లేదు. ఈ చివరి గుర్తును మీరు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో తరువాత పని యున్నది.

జెర్డన్ తన గ్రంథమున ఈ పక్షికి ‘అడవి ఉత్తతిత్తి’ యను తెలుగుపేరునుకూడ వ్రాసెను. ఈ సంగతి మనము తేలికగా తీసికొనరాదు. ఊరిజనులు ఒక పక్షికి ప్రత్యేకముగా పేరు పెట్టిరన్న, దానిని వేఱు పక్షులనుండి వేఱుపఱచి గుర్తించిరన్నమాట. కలకత్తాలో లాటిన్ పేరు పుట్టకముందే మన మెట్టపల్లెలలో పశువుల కాపరులును, వేటగాండ్రును దీనిని ఎఱుగుదురు. వారి యెఱుక కాగితమునకెక్కలేదు; అంతియే భేదము.

జెర్డన్ తరువాత బ్లాన్‌ఫర్డ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు గోదావరిలోయలో భద్రాచలము, సిరొంచ ప్రాంతములందు ఈ పక్షిని చూచెను. 1900 లో అనంతపురము ప్రాంతమున మఱియొకరు చూచినట్లు వ్రాసిరి. అటుపిమ్మట మౌనమే. 1931-32 సంవత్సరములలో నిజాము ప్రభుత్వము వారి ప్రోత్సాహముతో సలీం ఆలీగారు హైదరాబాదు రాజ్యమంతయు తిరిగి పక్షులను పరిశీలించిరి. అప్పుడును ఈ పక్షి కానరాలేదు. తరువాత వెదకినవారికిని దొరకలేదు. ఏండ్లు గడచినకొలది ‘కానరాలేదు’ అను మాట కాస్త ‘లేదు’ అను మాటగా మాఱెను. మన విచారణలలోకూడ ఇట్టి పొరపాటు జరుగుచుండును. సాక్షి రాకపోవుట వేఱు, సాక్షి లేకపోవుట వేఱు.

వెదకినవారు లోపము చేసిరని నేననను. కాని ఆ వెదకుటలో చిక్కొకటి కలదు. పక్షులను చూచువారు సాధారణముగా వేకువనుండి ప్రొద్దుగ్రుంకువఱకు తిరుగుదురు. ఈ పక్షియో, ప్రొద్దుగ్రుంకిన పిమ్మటనే బయటికి వచ్చును. పగటి కన్నులు రాత్రిపక్షి కొఱకు ఎంత వెదకిన నేమి ఫలము?

1985 లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు ఈ విషయమును మరల చేపట్టిరి. ఆ సంఘమునకు చెందిన భరత్ భూషణ్‌గారు కడప జిల్లాలో గ్రామగ్రామము తిరిగి, పక్షి బొమ్మను కాపరులకును వేటగాండ్రకును చూపి విచారించిరి. లంకమల కొండల దిగువనున్న రెడ్డిపల్లె ప్రాంతమున జనులు బొమ్మను చూచి, ఇది కలివికోడి యని చెప్పిరి. కలివి యనునది మీకు తెలిసిన ముండ్లపొదయే. ఆ పొదలలో మెలగునది గనుక దానికా పేరు వచ్చినది. అది రాత్రి తిరుగు పక్షియనికూడ వారే చెప్పిరి. ఎనుబదియేండ్లకు పైగా శాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్నకు సమాధానము కాపరుల నోట సిద్ధముగా నుండెను. అడుగవలసినవారిని అడుగవలసిన తీరున నడుగుట యొక్కటే లోపించియుండెను.

1986 జనవరిలో ఆ యూరి వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుగున పక్షి నొకదానిని పట్టెను. వెలుగు కన్నులలో పడగా అది కదలక నిలిచినదట. బొమ్మతోను, పాత వర్ణనలతోను సరిపోల్చి చూచిరి. రెండు హారములు, గొంతు మచ్చ, కనుబొమ్మ చార, అన్నియు సరిపోయెను. సందేహమునకు తావు లేకపోయెను. అయితే ఆ పక్షి యెక్కువ దినములు బ్రదుకలేదు. దాని శరీరమును ఆనవాలుగా భద్రపఱచిరి. జీవితమంతయు పక్షులకొఱకు ధారపోసిన సలీం ఆలీగారు ఈ వార్త విని సంతసించి, మఱుసటి సంవత్సరము, అనగా 1987 లో, కాలధర్మము నొందిరి.

ఈ ఆనవాలు వలన నేమి జరిగినది? 1988 లో ఆ కొండప్రాంతమును శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యముగా ప్రకటించిరి. అదే సంవత్సరము కలివికోడి బొమ్మతో భారత తపాలాశాఖ బిళ్ల నొకటి వెలువరించెను. పేరు తెలిసిన పక్షికి చట్టము అండ నిలిచినది. పేరు తెలియని పక్షికి అండ నిలుచువా రెవరు?

కాని ఒక్క పక్షి దొరకినంతమాత్రమున పని ముగియదు. ఎన్ని యున్నవి, ఎచ్చట నున్నవి, ఎట్టి నేల కావలెను అను ప్రశ్నలు మిగిలినవి. పట్టిన ప్రాణమునకు ముప్పు గనుక పట్టక తెలిసికొనవలెను. 2000 సంవత్సరము తరువాత జగన్నాథన్‌గారు మొదలగువారు దీనికి రెండు ఉపాయములు పన్నిరి. మొదటిది, పొదల నడుమ సన్నని మెత్తని మట్టిని పట్టెలుగా పరచి, తెల్లవారి వచ్చి అడుగుజాడలు చూచుట. దొంగజాడ తీయువారి విద్యయే యిది. మూడు వ్రేళ్ల గుర్తు ఇక్కడ పనికివచ్చెను. వ్రేళ్ల పొడవు, వెడల్పు, వాని నడుమ కోణము కొలిచి, ఇతర పక్షుల జాడలనుండి కలివికోడి జాడను వేఱుపఱచిరి. రెండవది, పక్షి కూతను యంత్రమున నిలిపి, ప్రొద్దుగ్రుంకిన వెంటనే దానిని వినిపించి, మాఱుకూత వచ్చునేమో చెవియొగ్గి వినుట. అది తెంపుతెంపుగా రెండేసి స్వరములతో కూయును. కూత వినబడినచోట పక్షి యున్నదని తెలియును. దానిని ముట్టనక్కఱయే లేదు.

ఈ పరిశీలనవలన ముఖ్యమైన సంగతి యొకటి బయటపడెను. కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు, బయలునేలయు పనికిరాదు. హెక్టారు నేలలో, అనగా ఇంచుమించు రెండున్నర యెకరములలో, నిలువెత్తును మించిన పొదలు మూడువందలనుండి ఏడువందలవఱకు ఉన్నచోట అది నివసించుటకు ఎక్కువ అవకాశము. పశువులు మితముగా మేయుటవలనను, ఊరివారు కట్టెలు మితముగా కొట్టుటవలనను నేల యట్లు పలుచగా నుండును. యంత్రములతో పొదలను పెఱికి తోటలు వేసినను, మేపును కట్టెకొట్టుటను పూర్తిగా మాన్పి దట్టముగా పెరుగనిచ్చినను పక్షికి హానియే. అనగా పల్లెవాసియొక్క మితమైన జీవనమునకును ఈ పక్షి మనుగడకును సంబంధము కలదు.

ఇక 2005 వ సంవత్సరపు సంగతి. కృష్ణాజలములను రాయలసీమకును చెన్నపట్టణమునకును చేర్చు తెలుగుగంగ కాలువ పనులు ఈ ప్రాంతమున సాగుచుండగా, పక్షి తిరుగు పొదలనేలలోనే యంత్రములు త్రవ్వకము మొదలుపెట్టినవి. అడుగుజాడలు తీసినవారే ఈ సంగతిని కనుగొనిరి. వివాదము సర్వోన్నత న్యాయస్థానము నియమించిన సంఘమువఱకు పోయెను. తుదకు కాలువ దారిని మార్చిరి. మెట్టరైతునకు నీరెంత యవసరమో నేనెఱుగుదును. కరవుసీమలో నీటి కాలువను ఒక పిట్ట ఆపెనన్న కోపము వచ్చుట సహజము. కాని కాలువ ఆగలేదు, ప్రక్కకు తిరిగినది. నీటికి దారి మార్చవచ్చును, ఈ పక్షికి వేఱుచోట లేదు. ఈ న్యాయము తేలుటకు ఆధారమైనది మట్టిపట్టెమీది అడుగుజాడ, కాపరి నోటి పేరు, పాత వర్ణనలోని గుర్తులు. ఇవి లేనియెడల పక్షి యున్నదను వాదమునకు ఎదురుమాట చాలునంతటిదిగా నుండెడిది.

ఆనవాలు కథలో మఱియొక వింత కలదు. స్కాట్లండు దేశమున అబర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో పాత గ్రుడ్ల పెట్టె యొకటి యుండెను. అందులోని యొక గ్రుడ్డు 1917 లో మన యెరుగుదల గల కోలారు బంగారుగనుల ప్రాంతమున దొరకినదని వ్రాసియుండెను. అది కలివికోడి గ్రుడ్డని చీటి చెప్పుచుండెను. చీటిమాట నమ్మక, పెంకులోని జీవద్రవ్యమును తీసి, ప్రదర్శనశాలలలోని పాత చర్మముల జీవద్రవ్యముతో పోల్చిరి. రెండును ఒక్కటే యని 2013 లో ప్రకటించిరి. ఆ పరీక్ష జరుగునాటికి లోకములో ఈ పక్షి గ్రుడ్డు వేఱొకటి యెవరికిని తెలియదు. గూడుకూడ ఎవరును చూచియుండలేదు. 1900 తరువాత జాడ లేదనుకొన్న కాలముననే, తెలుగువారు వేలకొలది పనిచేయుచున్న గనులచెంత ఈ పక్షి గ్రుడ్డు పెట్టెననుట యెంత విచిత్రము!

అయినను కథ సుఖాంతమని చెప్పజాలను. 2009 దాటిన పిమ్మట చాలకాలము కలివికోడి నిస్సందేహముగా కానరాలేదు. మఱల ‘లేదు’ అను మాట వినవచ్చెను. 2025 ఆగస్టులో కొందఱు పక్షిపరిశీలకులు ఆంధ్రప్రదేశముననే రాత్రివేళ దాని కూతను విని యంత్రమున నిలిపినట్లు ప్రకటించిరి. ఈసారి ఆనవాలు చర్మము కాదు, పట్టిన పక్షియు కాదు, చీకటిలోని కూత. ఒకప్పుడు పక్షిని కాల్చి చేతబట్టినగాని పండితులు నమ్మెడివారు కారు. నేడు దానిని ముట్టకయే నమ్మకము కలిగింపవచ్చును. ఇది శాస్త్రమునకు కలిగిన గొప్ప సంస్కారమని నా యభిప్రాయము. అయినను లోకములో అతి ప్రమాదస్థితిలోనున్న పక్షులలో ఇది నేటికిని యొకటి.

న్యూజీలండు పడవమీద నిలిచినవారికి ఛాయాచిత్రము తోడ్పడెను. లంకమలలో ఒక పేరు తోడ్పడెను. రెండుచోట్లను అంగీకారము కలిగినది ఒక్కరి గొప్పతనమువలన కాదు, పలువిధములైన సాక్ష్యములు ఒకచోట కలిసికొనుటవలన. అందు మొదటి సాక్ష్యము మీవద్ద నున్నది. పూరేడు కూతకును కముజు కూతకును భేదము మీరెఱుగుదురు. ఏ పొదలో నేమి తిరుగునో, ఏ పక్షి యే నెలలో కానరాదో మీకు తెలియును. ఆ తెలివిని మీతోనే పోనీయకుడు.

కాబట్టి మిమ్ము కోరునది యిది. మీ యూరి పక్షుల పేళ్లను, మీ తాతలు చెప్పిన పేళ్లను, ఇంటిలోని చదువుకొన్న పిల్లలచేత వ్రాయింపుడు. ఎన్నడును చూడని పక్షి యేదైన కనబడినచో, తుపాను వెనుక చెఱువున వ్రాలిన సముద్రపక్షియైనను సరే, పట్టవలదు, కొట్టవలదు. స్థలము, తేదీ, వేళ, దాని పరిమాణము, రంగు, కూత, నడక గుర్తుంచుకొని వ్రాయింపుడు. అటవీశాఖవారికి తెలుపుడు. మీరు చెప్పిన పేరును వారు నవ్వి కొట్టివేసినను మీరు విడువవలదు. ‘కలివికోడి’ యను మాటయు పుస్తకములలో చాలకాలము లేనిదే.

రెడ్డిపల్లె కాపరులు బొమ్మను చూచి పలికిన ఆ యొక్క మాటచే, నశించినదనుకొన్న జాతి తిరిగి లోకపు లెక్కలలో చేరెను. మీ యూరిలోను అట్టి మాట యొకటి యెవరి నోటనో యుండవచ్చును. అది వినుట మా వంతు. చెప్పుట మీ వంతు.